సంక్రాంతికి ఇంటికెళ్ళిన పిల్లోడు ఐటీఐకి ఎందుకు తిరిగి రాలేదు?



ఫిబ్రవరి మొదటి వారంలో మన ఏజెన్సీలో ఐటీఐకి వెళ్ళి ఫస్టియర్ హాజరు పట్టీ ఒకసారి అడిగి చూడండి. మేం చూసినవన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. మొదట్లో రాసిన పేర్లన్నీ వరసగా ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరు పేజీల్లో హాజరు బాగానే ఉంటుంది. నవంబరు నుంచి ఖాళీలు మొదలవుతాయి. సంక్రాంతి దాటాక కొన్ని పేర్ల మీద అడ్డగీత కనిపిస్తుంది. ఆ గీత ఎందుకు పడిందో పట్టీలో ఎక్కడా రాసి ఉండదు. అడిగితే మాత్రం ఒకటే జవాబు వస్తుంది: "వాళ్ళకి ఇంట్రెస్ట్ ఉండదండీ. ట్రైబల్ పిల్లలు కదా, నిలబడరు."

ఈ మాట మనం ఎన్నిసార్లు విన్నాం? ఇన్‌స్ట్రక్టర్ నోట, ఆఫీసర్ నోట, ఆఖరికి మన ఊరి సర్పంచి నోట కూడా. చాలాసార్లు విన్నాక మనమే నమ్మడం మొదలుపెట్టాం. అందుకే ఈసారి దీని గురించి రాస్తున్నాం.

ఇది రాస్తున్న నేను ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివినోణ్ణి. మా యూనిట్‌లో ఇరవై మందిమి చేరాం. రెండేళ్ళ తర్వాత ఆఖరి పరీక్షకి హాల్ టికెట్ తీసుకున్నది పదకొండు మందిమి. పోయిన తొమ్మిది మందిలో ఒకడు మా అందరికంటే ముందు మోటారు విప్పి మళ్ళీ బిగించినోడు. స్టార్ డెల్టా స్టార్టర్ కనెక్షన్ పుస్తకం చూడకుండా బోర్డు మీద గీసేవాడు. వాడు మొదటి ఏడాదే మానేశాడు. ఏ వైరు ఎక్కడికెళ్ళాలో మూడు నెలలు అర్థం కాని నేనేమో పూర్తి చేశాను. తేడా ఎక్కడుందో చెప్తాను. మా చిన్నాన్న ఇల్లు ఐటీఐకి రెండు కిలోమీటర్ల దూరంలో ఉండేది. పొద్దున అంబలి, రాత్రి అన్నం అక్కడే. వాడికి ఆ చిన్నాన్న లేడు.

మన పిల్లలు చిన్నప్పటి నుంచి పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలల్లో ఉంటారు. అక్కడి బాధలు చాలా ఉన్నాయి, వాటి గురించి ఇంతకుముందు మాట్లాడుకున్నాం, ఇకముందూ మాట్లాడుకుంటాం. అయినా అక్కడ పడుకోవడానికి చోటు, మూడు పూటలా కూడు, సబ్బు, యూనిఫాం ఉంటాయి. పది పాసైన రోజున ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. పదహారేళ్ళ పిల్లోడు ఒక సంచి పట్టుకుని ఐటీఐ ఉన్న ఊళ్ళో దిగుతాడు. ఐటీఐలో సీటు ఉంది, మంచం లేదు. పోస్ట్‌మెట్రిక్ హాస్టల్‌కి పోతే ఇంటర్, డిగ్రీ పిల్లలతో అప్పటికే నిండిపోయి ఉంటుంది. ఐటీఐ అడ్మిషన్లు విడతలు విడతలుగా అవుతాయి కాబట్టి మనోడు ఎప్పుడూ ఆఖరికే చేరుకుంటాడు. ఇంక మిగిలింది నలుగురు కలిసి అద్దెకి తీసుకునే రేకుల గది. వారం వారం సంతకొచ్చే అమ్మ తెచ్చే బియ్యం, రాగి పిండి, ఎండు చింతపండు. అమ్మ రాని వారం అప్పు.

డబ్బు సంగతి చూద్దాం. 2020లో మన రాష్ట్రంలో వసతి దీవెన పెట్టినప్పుడు డిగ్రీ వాళ్ళకి ఏడాదికి 20 వేలు, పాలిటెక్నిక్ వాళ్ళకి 15 వేలు, ఐటీఐ వాళ్ళకి 10 వేలు అన్నారు. పది నెలలు లెక్కేసినా నెలకి వెయ్యి. రోజుకి 33 రూపాయలు. ఐటీఐ పిల్లోడి కడుపు డిగ్రీ పిల్లోడి కడుపులో సగమే ఉంటుందని ఎవరు కొలిచారో మాకు తెలీదు. ఆ పదివేలూ రెండు విడతలు. పథకాల పేర్లు ప్రభుత్వాలతోపాటు మారతాయి, కానీ డబ్బులు పడే రోజుకీ గది అద్దె కట్టే రోజుకీ పొత్తు కుదరడం మేం ఇంతవరకు చూడలేదు.

పైగా స్పెల్లింగ్ గొడవ. స్కూల్ రికార్డులో ఇంటిపేరు 'పాంగి', ఆధార్‌లో 'పంగి', అమ్మ బ్యాంకు పుస్తకంలో ఇంకోటి. దాన్ని సరిచేయించడానికి మీసేవకి ఒక రోజు, మండల ఆఫీసుకి ఒక రోజు, సిగ్నల్ లేక ఇంకో రోజు. ప్రతి రోజూ ఒక ఆబ్సెంటు. స్కాలర్‌షిప్ కోసం తిరిగితే హాజరు పోతుంది, హాజరు పోతే స్కాలర్‌షిప్ పోతుంది. ఇలాంటి చక్రంలో పడ్డ పిల్లోణ్ణి పట్టుకుని ఇంట్రెస్ట్ లేదంటారు.

ఇప్పుడు నవంబరు సంగతి. పాడేరు, చింతపల్లి, అరకు వైపు నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్ళు కోసే కాలం. ఎకరం రెండెకరాల తోట ఉన్న ఇంట్లో ఆ రెండు మూడు నెలల మీదే ఏడాది గడుస్తుంది. పండు ఎర్రబడ్డాక ఆగదు, రాలిపోతుంది. కూలోళ్ళని పెట్టే స్తోమత లేని ఇంట్లో పెద్ద కొడుకు లేకుండా కోత ఎట్లా అవుతుంది? కబురొస్తుంది, పోతాడు. వారం అనుకుని పోయినోడికి నెలవుతుంది. తర్వాత సంక్రాంతి. ఆ తర్వాత "ఇప్పుడెళ్తే సార్ తిడతాడు" అన్న భయం. నిజం చెప్పాలంటే, చాలామంది విషయంలో మానేయడం అనేది ఒక నిర్ణయంగా జరగదు. ఒక్కోరోజు ఆలస్యమై, సిగ్గై, చివరికి ఆగిపోతుంది. ఎవరూ ఇంటికొచ్చి "ఏరా, ఎందుకు రావట్లేదు" అని అడగరు. అడిగి ఉంటే తిరిగొచ్చేవాళ్ళని మా బ్యాచ్‌లోనే నలుగురిని చూపిస్తాను.

నిబంధన ప్రకారం 80 శాతం హాజరు లేకపోతే ఆఖరి పరీక్షకి అర్హత లేదు. ఏడాదికి 200 రోజులు క్లాసులు జరిగాయనుకుంటే 40 రోజులకి మించి పోకూడదు. కాఫీ కోతకే ఆ నలభై అయిపోతాయి. ఇంక వానాకాలం జ్వరాలు ఉన్నాయి, చైత్రంలో ఇటుకల పండుగ ఉంది, ఇంట్లో చావులు పుట్టుకలు ఉన్నాయి. భద్రాచలం, చింతూరు వైపు కోయ పిల్లలకైతే కాఫీ బదులు మిరప కోతలు, ఇప్పపూలు, తునికాకు. కాలం వేరు, కథ ఒక్కటే. ఈ కేలెండర్ రాసినోళ్ళకి వేసవి సెలవులు తెలుసు, దసరా సెలవులు తెలుసు. కొండ మీద పని ఎప్పుడుంటుందో తెలీదు.

దయగల ఇన్‌స్ట్రక్టర్లు ఏం చేస్తారో కూడా చెప్పాలి. పిల్లోడి ఏడాది పోకూడదని పట్టీలో హాజరు వేసేస్తారు. మంచి మనసే, కాదనను. కానీ ఆ పిల్లోడు పూర్తి చేసినట్టు కాగితం వస్తుంది, చేతికి పని రాదు. రేపు స్తంభం ఎక్కినప్పుడు ప్రాణం మీదికొచ్చేది వాడికే. కరెంటుతో పని, హాజరు పట్టీతో పనిలాంటిది కాదు గదా.

క్లాసులోకి వెళ్దాం. ఎలక్ట్రీషియన్ మొదటి ఏడాది సిలబస్‌లో 1200 గంటలు ఉంటే అందులో 840 గంటలు ప్రాక్టికల్. అంటే సగం కంటే చాలా ఎక్కువ సమయం పిల్లోడు చేతిలో పనిముట్టుతో ఉండాలి. ఇది మన పిల్లలకి సరిగ్గా సరిపోయే చదువు. చిన్నప్పటి నుంచి చేతులతో నేర్చుకున్నోళ్ళు వీళ్ళు. విల్లు చెక్కడం, బుట్ట అల్లడం, వెదురు చీల్చడం ఏ నల్లబల్ల మీదా నేర్చుకోలేదు. అలాంటి పిల్లలకి మూడు నెలలపాటు ఓమ్స్ లా డిక్టేషన్ చెప్పించి రాయించారు. ఎందుకంటే ప్రాక్టికల్ చెప్పే పోస్టు ఖాళీ, గెస్టుగా వచ్చేసారు ఇంకా చేరలేదు. వర్క్‌షాప్ తాళం స్టోర్స్ ఇన్‌ఛార్జి దగ్గర, ఆయన డిప్యుటేషన్ మీద ఇంకో ఊళ్ళో. మా బ్యాచ్‌లో మొదట మానేసిన ఇద్దరూ ఆ మూడు నెలల్లోనే మానేశారు. వర్క్‌షాప్ తెరిచాక ఒక్కడు కూడా 'అర్థం కావట్లేదు' అని మానలేదు.

భాష ఇంకో సంగతి. కువి ఇంట్లో, ఆదివాసీ ఒడియా సంతలో, తెలుగు బడిలో. ఇప్పుడు ఐటీఐలో తెలుగు పుస్తకంలో 'విద్యుత్ నిరోధం' అని ఉంటుంది, సారు 'రెసిస్టెన్స్' అంటాడు, కంప్యూటర్ మీద రాసే పరీక్షలో ఏ మాట వస్తుందోనని భయం. మూడు మాటల్లో ఏదీ మనది కాదు. మా సీనియర్ ఒకన్న మాత్రం కాలువలో బండరాయి అడ్డం పెడితే నీళ్ళు ఎట్లా తగ్గుతాయో మా భాషలో చెప్పి, రెసిస్టెన్స్ అంటే ఇదేరా అన్నాడు. అయిదు నిమిషాలు పట్టింది. అది ఈ జన్మలో మరిచిపోను.

ఆ అన్న గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎవరు ఎందుకు మానేశారన్నదే అందరూ అడుగుతారు. పూర్తి చేసినోళ్ళు ఎట్లా పూర్తి చేశారన్నది ఎవరూ అడగరు. మా పదకొండు మందినీ చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. దాదాపు అందరికీ ముందు బ్యాచ్‌లో తమ ఊరోడో, తమ పంచాయతీ వాడో ఒకడున్నాడు. గది వాడే చూపించాడు, పాత పుస్తకాలు వాడే ఇచ్చాడు, వెంట తీసుకెళ్ళి బ్యాంకు ఖాతా తెరిపించాడు. జనవరిలో ఊరికి రాకుండా ఉన్నోడు, వచ్చినోణ్ణి మెడ పట్టుకుని తీసుకెళ్ళినోడు కూడా వాడే. ఒంటరిగా వచ్చినోళ్ళు ఒక్కొక్కరే జారిపోయారు. ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చినోళ్ళు నిలబడ్డారు.

ఇంకో కారణం మా ఇన్‌స్ట్రక్టర్. మైదానం నుంచి వచ్చినాయనే, ఆదివాసీ కాదు. మొదటి ఏడాది డిసెంబరులో మమ్మల్ని ఆరుగురిని ఒక ఆశ్రమ పాఠశాలకి తీసుకెళ్ళాడు. ఫ్యాన్లు, ట్యూబులైట్లు బిగించే పని. రెండు రోజులు చేశాం. స్విచ్ వేసి ఫ్యాను తిరిగినప్పుడు చిన్న పిల్లలు కేకలేశారు. సాయంత్రం తలా మూడు వందలు చేతిలో పెట్టాడు. ఆ డబ్బు ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు, జేబులోంచి ఇచ్చాడేమో. కాఫీ సీజన్లో మా ఆరుగురిలో ఇద్దరికి కబురొచ్చింది. ఆ ఇద్దరూ వారంలో తిరిగొచ్చారు. ఇంట్లో ఆ మూడు వందలు చూపించి "ఇది నేర్చుకుంటే వచ్చిన డబ్బు" అని చెప్పారట. ఇంట్లోవాళ్ళు తోటకి పక్కింటోళ్ళతో మార్పిడి పని కుదుర్చుకుని పంపారు. ఉపన్యాసాలు, మోటివేషన్ క్లాసులు, కెరీర్ గైడెన్సులు చాలా పెట్టారు మాకు. వాటిల్లో ఒక్కటీ గుర్తులేదు.

ఆ చదువు అయ్యాక ఏముంది? ఇంట్లో ఈ ప్రశ్న మొదటి రోజు నుంచే ఉంటుంది.

2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు డిస్కంలు ఎనర్జీ అసిస్టెంట్ పేరుతో జూనియర్ లైన్‌మెన్ గ్రేడ్ 2 పోస్టులు తీశాయి. ఐటీఐ ఎలక్ట్రికల్ ట్రేడో, ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సో ఉండాలి. కరెంటు స్తంభం ఎక్కి చూపించాలి, సైకిల్ తొక్కాలి, మీటర్ రీడింగ్ చెప్పాలి. స్తంభం ఎక్కడం మనోళ్ళకి ఒకరు నేర్పాలా? జీలుగు చెట్టు ఎక్కిన కాళ్ళవి. మా పక్క ఊరి కుర్రోడికి ఒక పోస్టు వచ్చింది. ఆ ఒక్క ఉద్యోగం మా పంచాయతీలో చేసిన పని ఏ అధికారీ చేయలేదు. ఆ పై రెండేళ్ళు మా వైపు నుంచి ఎలక్ట్రీషియన్లో చేరిన పిల్లలు సంక్రాంతి దాటినా క్లాసుల్లోనే ఉన్నారు. తల్లిదండ్రులే తిరిగి పంపించారు. అలాంటి పిలుపు మళ్ళీ ఎప్పుడొస్తుందా అని పిల్లలు అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నారు. చూసి చూసి అలిసిపోయినోళ్ళు తమ్ముళ్ళకి చెప్పే మాట కూడా మారిపోయింది.

సీలేరు సంగతి తీయకుండా ఎలక్ట్రీషియన్ చదువు గురించి మాట్లాడలేం. ఎగువ సీలేరు 240 మెగావాట్లు, దిగువ సీలేరు 460 మెగావాట్లు. 1960ల చివర నుంచి మన కొండల నీళ్ళు కరెంటుగా మారి కిందికి పోతున్నాయి. ఇప్పుడు అక్కడే 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు అంటున్నారు. ఈ ప్రాజెక్టుల మీద మన వైఖరి వేరే వ్యాసాల్లో చెప్పాం, ఇక్కడ మళ్ళీ అది కాదు. ఉన్న పవర్‌హౌస్‌ల గురించే అడుగుతున్నాం. వాటిల్లో మన ఐటీఐ పిల్లలు ఎంతమంది అప్రెంటిస్ చేశారు? ఏ ఏడాది ఎంతమంది? ఎంతమందిని తర్వాత పనిలో ఉంచుకున్నారు?

1961 అప్రెంటిస్ చట్టం ఉత్త కాగితం కాదు. దాని కింద 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా, కాంట్రాక్టు వాళ్ళతో కలిపి మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి. ఎస్సీ, ఎస్టీలకి శిక్షణ స్థానాల్లో రిజర్వేషన్ ఆ చట్టంలోనే ఉంది. ఐటీఐ పాసైనోళ్ళకి నెలకి కనీసం 7 వేల స్టైపెండ్ అని ఆ నిబంధనల్లోనే రాశారు. మన పిల్లలు ఆ అప్రెంటిస్ ఎక్కడ చేస్తున్నారు? విశాఖలో, అచ్యుతాపురంలో, శ్రీసిటీలో, శ్రీపెరుంబుదూరులో. గాజువాకలో గది అద్దె, తిండి, ఆటో పోగా ఆ ఏడువేల్లో ఇంటికి పంపేది ఏముంటుంది? ఏడాది కాగానే అప్రెంటిస్ అయిపోయింది, పొమ్మంటారు, ఆ స్థానంలోకి ఇంకో అప్రెంటిస్ వస్తాడు. తిరిగొచ్చినోడు ఊళ్ళో వైరింగ్ పని చేసుకుందామంటే సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు, వైర్‌మెన్ పర్మిట్ వేరే తీసుకోవాలి. అదొకటి ఉందని ఐటీఐలో మాకు ఒక్కరోజు కూడా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు సిలబస్‌లో ఏడాదికి 150 గంటలు నిజమైన పని చోట శిక్షణ అని పెట్టారు. మంచిదే. కానీ కొండ మీది ఐటీఐ పిల్లోణ్ణి ఏ ఫ్యాక్టరీకి పంపుతారు? ఘాట్ రోడ్డు దిగి పోవాలి, అక్కడ ఉండాలి, తినాలి. దానికి డబ్బు ఎవరిస్తారు? కళ్ళ ముందు సబ్‌స్టేషన్ ఉంది, ఏరియా ఆస్పత్రి ఉంది, కాఫీ పల్పింగ్ యూనిట్లు ఉన్నాయి, ఐటీడీఏ వాహనాలు రిపేరుకొచ్చే షెడ్డు ఉంది. ఇవి పని చోట్లు కావా?

ఒక మాట ఒప్పుకోవాలి. మానేసిన ప్రతి పిల్లోడూ తప్పు చేసినట్టు కాదు. మా బ్యాచ్‌లో ఒకడు ఆరు నెలలు వెల్డింగ్ చూసి, పని పట్టుకుని, నర్సీపట్నంలో గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో చేరిపోయాడు. నాకు సర్టిఫికెట్ వచ్చేసరికి వాడు రోజుకి నాకంటే రెండింతలు సంపాదిస్తున్నాడు. ఐటీఐ లెక్కల్లో వాడు డ్రాపౌట్, నేను పాస్. కానీ వాడికి కూడా ఒక ఇబ్బంది ఉంది. పెద్ద కంపెనీ వస్తే, ప్రభుత్వ పోస్టు తీస్తే, వాడి చేతిపనికి కాగితం లేదు. చేయి తిరిగినోడికి ఊళ్ళోనే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఏజెన్సీ దాకా వస్తే వాడు ఈపాటికి మేస్త్రీ అయ్యేవాడు.

అందరికీ వాడి అదృష్టం ఉండదు. మానేసి ఊళ్ళో ఖాళీగా ఉన్న పద్దెనిమిదేళ్ళ పిల్లోడి కోసం బైకు మీద వచ్చేవాళ్ళు ఉంటారు. మూట ఒకటి కొండ దాటించమంటారు. రెండు రాత్రుల పని, నెల కూలి. ఆ మూటలో 20 కిలోలకి మించి గంజాయి ఉంటే ఎన్‌డీపీఎస్ చట్టం కింద పదేళ్ళకి తక్కువ కాకుండా శిక్ష. తోట పెట్టించినోడు, డబ్బు పెట్టినోడు దొరకరు. మోసినోడు దొరుకుతాడు. మా తొమ్మిది మందిలో ఒకడు ఇప్పుడు జైల్లో ఉన్నాడు. ఎవడో చెప్పను. మొదట్లో చెప్పిన, మోటారు విప్పి బిగించినోడు వాడేనా అని అడక్కండి.

ఆడపిల్లల సంగతి ఇంతకంటే కష్టం, మళ్ళీ ఒకసారి వివరంగా రాయాలి. ఐటీఐలో కంప్యూటర్ కోర్సు, కుట్టు తప్ప వాళ్ళకి వేరే దారి లేదన్నట్టు చూస్తారు. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ కోర్సుకి మాత్రం ఏజెన్సీ ఆడపిల్లలు కష్టపడైనా వస్తారు, నిలబడతారు కూడా. ఎందుకో చూడండి. తమ ఊరికి వచ్చే ఏఎన్ఎమ్మక్కని చిన్నప్పటి నుంచి చూశారు. ఆ బ్యాగు, ఆ మర్యాద చూశారు. చదువు చివర ఏముందో కళ్ళతో చూసినోళ్ళు దారిలో ఆగరు. ఆడపిల్లలు మానేసే చోట నేను చూసినంతలో రెండే ప్రశ్నలు: హాస్టల్ ఉందా, బాత్రూంకి తలుపుందా.

అటు తెలంగాణలో 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలని అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టారు. రోబోలు, సీఎన్‌సీ మెషిన్లు, కొత్త కోర్సులు. సంతోషం. మన పిల్లలకి ఎప్పుడూ పాత లేత్ మెషినే గతి అనుకోనక్కర్లేదు. కానీ ఉట్నూరు కొండల్లోంచి వచ్చే గోండు పిల్లోడికో, ఏటూరునాగారం అడవిలోంచి వచ్చే కోయ పిల్లోడికో ఆ రోబో పక్కన రెండేళ్ళు నిలబడాలంటే రాత్రి పడుకునే చోటు కావాలి. మెషిన్‌కి కోట్లు పెట్టేటప్పుడు మంచానికి కూడా ఒక పద్దు రాయమని అక్కడి మిత్రులు అడగాలి.

మన సంగతికొద్దాం. మనం, అంటే ఈ ఉద్యమం, ఈ పేజీ. 2000లో వచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు మనం రోడ్డెక్కాం. టీచర్ పోస్టులు స్థానిక ఆదివాసీలకే ఉండాలని ఇప్పటికీ కొట్లాడుతున్నాం, కొట్లాడాలి. 1/70 మీద, పోడు పట్టాల మీద కొట్లాడాం. మరి ఇన్నేళ్ళలో ఒక్క ఐటీఐ ముందు ఒక్కరోజు ధర్నా చేశామా? ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ పోస్టు ఖాళీగా ఉందని ఒక్క మెమొరాండంలో రాశామా? లేదు. మన మనసుల్లో కూడా ఐటీఐ అంటే ఇంటర్ సీటు రానోళ్ళు పోయే చోటు. డీఎస్సీ రాసే పిల్లోడు ఆదివాసీ యువత, ఫిట్టర్ చదివే పిల్లోడు ఎవరికీ పట్టనోడు. ఈ చిన్నచూపు ఆఫీసర్ల దగ్గరే లేదు, మన ఇళ్ళల్లోనూ ఉంది. దీనికి ఈ పేజీ తరఫున ముందు మేం సిగ్గుపడుతున్నాం.

అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఏజెన్సీలో ఉన్న ప్రతి ఐటీఐకి ఆ ఆవరణలోనే హాస్టల్ కావాలి, అడ్మిషన్ రోజునే మంచం కేటాయించాలి. మెస్ చార్జీ డిగ్రీ పిల్లోడితో సమానంగా, నెల నెలా పడాలి. కాఫీ కోత కాలంలో సెలవులిచ్చి ఆ రోజుల్ని మే నెలలో నడపడానికి ఐటీడీఏ, ఉపాధి శిక్షణ శాఖ కలిసి కూర్చుని దారి చూడాలి. ఎండ మైదానంలో ఉన్నంత మన కొండల మీద ఉండదు కదా. జెన్‌కో, డిస్కం, ఐటీడీఏ, ఆస్పత్రులు తమ అప్రెంటిస్ స్థానాలు ముందు ఏజెన్సీ ఐటీఐ పిల్లలతో నింపాలి. అన్నిటికంటే ముందు ప్రతి ఐటీఐ గేటు పక్కన ఒక బోర్డు పెట్టాలి: ఈ ఏడాది ఎస్టీ పిల్లలు ఇంతమంది చేరారు, ఇంతమంది పరీక్ష రాశారు, ఇంతమంది పాసయ్యారు, ఇంతమందికి పని దొరికింది, ఎక్కడ దొరికింది. ఎంతమంది చేరారన్నది అందరూ చెప్తారు. రెండో అంకె దగ్గరికొచ్చేసరికి ఫైలు దొరకదు. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. ఏ ఐటీఐకి ఎవరు దరఖాస్తు పెడతారో కామెంట్లలో రాయండి, నమూనా కాగితం మేం పంపిస్తాం.

దాంతోపాటు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈసారి అడ్మిషన్లు అవగానే మీ పంచాయతీ నుంచి ఏ పిల్లలు ఏ ట్రేడ్‌లో చేరారో ఒక కాగితం మీద పేర్లు రాసిపెట్టుకోండి. వాళ్ళకి ఒకరి ఫోన్ నెంబరు ఒకరికివ్వండి, ముందు బ్యాచ్ వాడు ఎవడైనా ఉంటే వాడితో కలపండి. సంక్రాంతి అయిన వారం తర్వాత ఆ కాగితం మళ్ళీ తీయండి. ఎవరు వెనక్కి వెళ్ళలేదో చూడండి. ఆ ఇంటికి వెళ్ళండి. ఎందుకు వెళ్ళలేదని గట్టిగా అడక్కండి, బస్సు చార్జీ ఉందా అని అడగండి. వాడు సిగ్గుపడి మాట్లాడకపోతే మర్నాడు మీరే వెంట తీసుకెళ్ళి ఐటీఐ గేటు దగ్గర దింపి, సారుతో ఒక మాట చెప్పి రండి. మా బ్యాచ్‌లో ఆ నలుగురి ఇళ్ళకీ అప్పుడు ఎవరూ వెళ్ళలేదు. గది పక్కనే ఉన్న నేను కూడా వెళ్ళలేదు.